సాలమ్మ చెల్కలో చిన్న గ్రహము

1948 ఫిబ్రవరి 20, సాయంత్రం

అంగారకుడు, శని ఇద్దరూ సింహరాశిలో దగ్గరదగ్గరగా తూర్పున పైకి వచ్చినారు. అంగారకుడు ఎర్రగా ఉన్నాడు, శని పాలిపోయి ఉన్నాడు. టెలిస్కోపులో శని గుండ్రముగా లేడు. రెండు ప్రక్కలా చెవులున్నట్లు కనబడినాడు. అది వలయమని నా ఖగోళ పుస్తకము చెప్పుచున్నది. నాకు కనబడినవి చెవులే. కనబడినది వ్రాయవలెనా, ఉండవలసినది వ్రాయవలెనా? నిశ్చయించుకొనలేక రెండూ వ్రాసినాను.

టెలిస్కోపు సర్వే వారి పాత థియొడొలైటుకు, అనగా కోణములు కొలుచు యంత్రమునకు, చెందినది. పనికిరాదని హనుమకొండలో హర్రాజు వేసినప్పుడు కొన్నాను. మానుకోట తాలూకా అంతటా సర్వే పార్టీతో తిరిగి, గొలుసు పట్టి, భూములు కొలిచినవాడను. నాకు ఆ పాటి ఆశ ఉండుట తప్పు కాదు. దానిలో సమస్తము తలక్రిందులుగా కనబడును. ఆకాశమునకు పైన, క్రింద అని లేవు గనుక ఇబ్బంది లేదు.

అంగారకుని మీదికి ఎవరైనా పోవలసి వచ్చినచో తీసికొనిపోవలసిన వస్తువుల పట్టిక ఈ రోజు పూర్తి చేసినాను. నీరు, ఊపిరికి గాలి, గొలుసు, గూటములు, దిక్సూచి, రెండు జతల చెప్పులు, హద్దురాళ్ళు. తరువాత హద్దురాళ్ళు కొట్టివేసినాను. అక్కడ హద్దులు ఎవరికి?

నీ శనికి బువ్వ పెట్టాల్నా, నీకు పెట్టాల్నా, చల్లారుతున్నది అని యాకమ్మ లోపలి నుండి కేక వేసినది. మా పెండ్లి నాటి నుండి ఆమెకు ఆకాశముతో తగవు.

1948 మార్చి 11

సంఘం వెంకన్న వచ్చినాడు. దొర సంఘమునకు భయపడి హైదరాబాదుకు పోయినాడు గనుక, అతడు కలుపుకొన్న భూములను సంఘము వారు ఎవరివి వారికి ఇచ్చివేయుచున్నారు. ఊరిలో కొలత తెలిసినవాడను నేనొక్కడనే. బాలనర్సన్నా, చుక్కలను కొలిచింది చాలు, జర భూమి మీదికి రా అన్నాడు.

మొదట సాలమ్మ చెల్క. ఎర్రనేల, రెండెకరాల లోపు. ఆమె భర్త ఉండగానే దొర మనుషులు మూలనున్న హద్దురాయిని పీకి, తమ చేనితో కలిపి దున్నించినారు. భర్త పోయినాడు, కొడుకులు లేరు. తన చెల్కలోనే ఆమె ఇన్నేండ్లు దొరకు వెట్టి చేసినది.

గొలుసు లేదు. మోకు తాడుకు ముళ్ళు వేసి కొలిచినాను. మూల ఇక్కడ అని గూటము నాటి, అక్కడ త్రవ్వించినాను. హద్దురాయి పాతునప్పుడు దాని క్రింద బొగ్గులు పోయుట సర్వే వారి పద్ధతి. రాయిని పీకవచ్చును. బొగ్గు మట్టిలో మురుగదు, చెద తినదు. ఎన్నేండ్లకైనా త్రవ్వి చూచి, రాయి ఇక్కడ ఉండెనని చెప్పవచ్చును.

బొగ్గు లేదు.

అక్కడ కాదు తమ్మీ, తంగేడు చెట్టు కాడ ఉండె మా రాయి, నీ తాడు లెక్క నీది, నా కాళ్ళ లెక్క నాది అని సాలమ్మ అన్నది. ఆమె చూపిన చోటు నా గూటమునకు దూరముగా ఉన్నది. నా కొలత సరియైనదా, ఆమె జ్ఞాపకమా? వెంకన్నను అడిగినాను. దొర పీకేటప్పుడు కొలిచి పీకిండా, అక్క చెప్పిన కాడనే పెట్టు అన్నాడు. పెట్టుటకు రాయి లేదు. చెక్కిన బండలన్నీ దొర గడీలో ఉన్నవి, దానికి తాళము ఉన్నది.

ఇంటికి వచ్చి బొగ్గుల సంగతి యాకమ్మకు చెప్పినాను. ఆమె వినినదో లేదో తెలియదు. పప్పు రుబ్బుచున్నది.

1948 మే 2, ఉదయం

వరుసగా వ్రాయవలెను.

పొద్దు పొడుచుచుండగా ఆకాశము పగిలినట్లు మూడు శబ్దములు. తరువాత బండి ఇరుసు కీచుమన్నట్లు పొడుగైన ధ్వని. రజాకార్లు వచ్చినారని ఊరంతా పొలములలోనికి పరుగెత్తినది. నేను టెలిస్కోపును చంకనబెట్టుకొని పరుగెత్తినాను. యాకమ్మ కోడిపెట్టను పట్టుకొని నా వెనుక వచ్చినది. తిరిగి వచ్చిన తరువాత, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలివి ఉన్నదో అందరూ చెప్పుకొని నవ్వినారు.

తండాకు చెందిన దస్రు ఆవులను తోలుకొని పోవుచు చూచినాడట. రజాకార్లు కాదు ఏం కాదు, నిప్పు కొరివి అసుంటిది నా తల మీదికెల్లి పోయింది, పొగ గీత గీసుకుంట పోయి సాలమ్మక్క చెల్కల పడ్డది, గాలిమోటరు నుంచి బాంబు ఏసిండ్రేమో అన్నాడు.

అందరమూ పోయినాము. చెల్క మధ్య ఒక గుంట, దానిలో ఒక రాయి. పొత్రము కంటె పొడుగు, మోకాలి ఎత్తు ఉండును. పైన అంతా నలుపు, మాడిన అటికె అడుగు వలె. పిండి ముద్దను బొటనవ్రేళ్ళతో ఒత్తినట్లు దాని మీద గుంటలు ఉన్నవి. ఎవరూ ముట్టలేదు. నేను ముట్టినాను. కాలునని అనుకొన్నాను. చల్లగా ఉన్నది. ఆకాశము నుండి మండుచు వచ్చినది చల్లగా ఎట్లుండును?

మూడు విధములుగా ఆలోచించవచ్చును.

ఇది బాంబు కావచ్చును. కాని పేలలేదు, అతుకు లేదు, మర లేదు.

ఇది బయ్యారం రాయి కావచ్చును. అక్కడి గుట్టలలో కొలతకు పోయినప్పుడు ఇంత బరువు రాళ్ళను ఎత్తినాను. ఇనుప రాయి. ఏ బండి మీద నుండియో ఎప్పుడో జారిపడి ఉండవచ్చును.

మూడవది వ్రాయుటకు భయముగా ఉన్నది. అంగారకునికి, గురునికి మధ్య వేలకొలది చిన్న గ్రహములు తిరుగుచున్నవని, వాటి తునకలు అప్పుడప్పుడు భూమి మీద పడుచుండునని పుస్తకములో ఉన్నది. నేను పోవలెనని పట్టిక వ్రాసుకొన్న చోటి నుండియే ఇది వచ్చినదా?

1948 మే 9

దిక్సూచిని దగ్గర పెట్టినాను. ముల్లు తిరిగినది. సంతోషించినాను. అంతలో, బయ్యారం గుట్టలలో కూడ మా సర్వే దిక్సూచి దారి తప్పెడిదని జ్ఞాపకము వచ్చినది. సంతోషము పోయినది.

బయ్యారం రాయిని రుద్దినచో చేయి ఎర్రబడును. దీనిని రుద్దినాను. చేయి ఎర్రబడలేదు. ఇది మూడవ ఆలోచనకు బలము. అయినను పైన మాడి ఉన్నది గదా, మాడిన రాయి అంటునా?

1948 మే 21

ఈ రోజు వెంకన్న కమ్మరిని వెంటబెట్టుకొని వచ్చినాడు. రాతిలో ఇనుము ఉన్నదని నేనే చెప్పితిని. దానిని పగులగొట్టి దళం తుపాకులకు గుండ్లు పోయింతమని అతని ఆలోచన. కమ్మరి సమ్మెట ఎత్తి కొట్టినాడు. సమ్మెట ఎగిరివచ్చినది. ఇంకొకసారి కొట్టినాడు. ఒక పెచ్చు మాత్రము లేచినది. లోపల బూడిద రంగు, నడుమ వెండి వలె మెరయు చుక్కలు.

మూడవ దెబ్బకు సాలమ్మ వచ్చి ఆ రాతి మీద కూర్చున్నది. నా చెల్కల పడ్డది నాది, రేపు నా చెల్కల ఆన పడితే అది గూడ పంచుతరా ఏంది అన్నది. కమ్మరి సమ్మెట దించి నవ్వినాడు. లే అక్కా, దేశం కొరకు అని వెంకన్న బతిమాలినాడు. దేశానికి గుట్టలున్నయ్, నాకు ఇదొక్కటే ఉన్నది అని ఆమె లేవలేదు. వెంకన్న ఓడిపోయినాడు. పోలీసుల నుండి రెండుసార్లు తప్పించుకొన్న మనిషి.

పెచ్చు నా జేబులో ఉన్నది. యాకమ్మ అంగీ ఉతుకునప్పుడు పారవేయకుండునట్లు గట్టిగా చెప్పినాను.

1948 జూన్ 10

నిన్న మొదటి వాన. ఈ రోజు పోయి చూచునప్పటికి గుంటలో రాయి లేదు. సాలమ్మ, దస్రు కలిసి దానిని మోకులతో ఈడ్చి తంగేడు చెట్టు ప్రక్కన నిలువునా పాతినారు. సగము భూమిలో, సగము పైన. హద్దురాయి.

రాయి చుట్టూ రెండుసార్లు తిరిగినాను. తరువాత చాలా మాటలు వచ్చినవి. అక్కా, ఇది సామాన్యమైన రాయి కాదు, అంగారకుని అవతలి నుండి వచ్చినది కావచ్చును, హైదరాబాదు అబ్జర్వేటరీ వారికి తెలుపవలెను, దీనిని కదిలించకుండ ఉండవలసినది అని చెప్పినాను.

ఆమె ఓపికగా వినినది. అక్కడ భూములు ఎవలయి అని అడిగినది. ఎవరివీ కావన్నాను. పట్వారీ లేడా? లేడు. దొర? లేడు. మరి గంత మంచి జాగ ఇడిసిపెట్టి గిది ఇక్కడికెందుకు వచ్చింది తమ్మీ, నాకు రాయి లేదని ఎరుకైతేనే వచ్చింది అన్నది. ఆ తరువాత జొన్నలు విత్తుటకు పోయినది.

ఆమె వాదనలో తప్పు ఎక్కడ ఉన్నదో ఇంటికి వచ్చువరకు ఆలోచించినాను. తప్పు ఉన్నది. దొరకలేదు.

1948 జూన్ 16, సాయంత్రం

గురుడు తూర్పున చాలా పెద్దగా ఉదయించినాడు. నాలుగు ఉపగ్రహములూ కనబడినవి. నిన్న మూడు ఒక ప్రక్కన ఉండగా ఈ రోజు రెండు రెండుగా చేరినవి. దస్రుకు చూపినాను. ఈ నలుగురూ ఆ పెద్దవాని చుట్టే తిరుగుచుందురని వివరించినాను.

ఎప్పటి సంది తిరుగుతున్నరు అని అడిగినాడు. ఎప్పటి నుండియో అన్నాను. ఏమన్న ఇస్తడా వాళ్ళకు? ఏమీ ఇవ్వడు. అయితే అది వెట్టే గదనే, అక్కడ సంఘం ఇంక రాలేదన్నట్టు అన్నాడు.

గురుత్వాకర్షణ గురించి చెప్పబోయి మానినాను. పుస్తకములోని వివరణ కంటె అతని వివరణయే ఎక్కువ అర్థమైనట్లు నాకును అనిపించినది. ఇది మంచి లక్షణము కాదు.

1948 సెప్టెంబర్ 20

పొద్దు పొడువక ముందు శుక్రుడు మిక్కిలి కాంతితో ఉన్నాడు. ఊరు మీద జెండా మారినదట. మిలిటరీ వారు జనగామకు వచ్చినారట. రజాకార్ల పీడ పోయినదని కొందరు సంతోషించుచున్నారు. ఇక దొర వచ్చునని కొందరు మూటలు కట్టుచున్నారు. ఒకే ఇంటిలో ఇద్దరు రెండు విధములుగా ఉన్నారు. మా ఇంటిలో నేనొక్కడనే రెండు విధములుగా ఉన్నాను.

వెంకన్న భూపాలపల్లి అడవుల వైపు పోయినాడు. పోవుచు, మేము లేకున్నా రాళ్ళుంటయ్, చూసుకో అన్నా అన్నాడు.

1948 అక్టోబర్ 3

టెలిస్కోపును తీసికొనిపోయినారు.

1948 అక్టోబర్ 5

సోదాకు వచ్చిన సిపాయిలకు అది అటక మీద దొరికినది. థియొడొలైటు టెలిస్కోపులో గురి కుదురుటకు అడ్డముగా, నిలువుగా సన్నని వెంట్రుకల వంటి తీగలు ఉండును. వారి ఆఫీసరు దానిలో నుండి మా వేపచెట్టును చూచి, ఇది తుపాకికి పెట్టే గురి అద్దము అన్నాడు. కాదు, శనిని చూచుటకు అన్నాను. శని ఎవడు, ఏ దళము అని అడిగినాడు. యాకమ్మ నడుమ వచ్చి, పిచ్చోడు బాబూ, పొద్దుమూకితే ఆకాశంల ఎవలనో ఎతుకుతడు, ఇంత వరకు ఒక్కలు దొరకలే అని చేతులు జోడించినది. అతడు నన్ను విడిచి టెలిస్కోపును ఉంచుకొన్నాడు.

ఇప్పుడు నాకు మిగిలినది పెచ్చు ఒక్కటే. ఇకమీదట నేను ఆ గ్రహముల దగ్గరికి చూపుతోనైనను పోలేను. వచ్చినది ఆ రాయి మాత్రమే.

1948 డిసెంబర్ 14

దొర వచ్చినాడు. గడీకి సున్నము వేయించుచున్నాడు. సంఘము పంచినవన్నీ తిరిగి పోవుచున్నవి. భయపడి చాలామంది తామే వదలుకొన్నారు. పాత హద్దు రుజువు చేసినవారి సంగతి మాత్రము గిర్దావరు వచ్చి విచారించునట. గిర్దావరు అనగా తాలూకా నుండి వచ్చి భూముల తగాదాలు తేల్చు అధికారి.

సాలమ్మ ఒక్కతే వదలుకొనలేదు. నాకు రాయి ఉన్నది అంటున్నది.

1949 జనవరి 12

అబ్జర్వేటరీకి పంపవలసిన రిపోర్టు పూర్తి అయినది. ఇంగ్లీషులో వ్రాయుటకు మూడు నెలలు పట్టినది. శబ్దము, వెలుగు వచ్చిన దిక్కు, బరువు, పైన పొర, లోపలి మెరపు, అన్నీ వరుసగా ఉన్నవి. ఒక్క గడి మాత్రము ఖాళీగా ఉన్నది: పడిన చోటు, పడిన తేదీ.

ఆ గడి నింపిన క్షణము సాలమ్మ హద్దురాయి పోయినట్లే. నిరుడు మే నెలలో పడిన రాయి ఇరువది ఏండ్ల క్రిందటి హద్దు ఎట్లగును? నింపనిచో, మా ఊరికి ఒక గ్రహము వచ్చినదని లోకములో ఎవరికీ తెలియదు. నా జీవితములో నేను కనుగొన్నది ఇదొక్కటే.

యాకమ్మకు చదివి వినిపించినాను. ఇంగ్లీషు రాదు గనుక తెలుగులో చెప్పినాను. ఆమె అంతా విని, ఆ రాయికి తెలుసా అది ఎక్కడి నుంచి వచ్చిందో అని అడిగినది. తెలియదన్నాను. మరి నీకెందుకు గింత బాధ అన్నది.

1949 జనవరి 29, పగలు

విచారణ అయినది. ఉన్నది ఉన్నట్లు వ్రాయుటకు ప్రయత్నించెదను.

గిర్దావరు గొడుగు క్రింద కుర్చీలో కూర్చున్నాడు. సన్నని మనిషి, దగ్గు ఉన్నది. దొర గుమాస్తా అతని ప్రక్కన నిలబడినాడు. గుమాస్తా నెమ్మదిగానే మాట్లాడినాడు. హుజూర్, ఈ రాయి పోయిన ఎండకాలంల ఆకాశం నుంచి పడ్డది, ఊరంత చప్పుడు విన్నది, నేను చెప్పుడెందుకు, అదిగో బాలనర్సయ్య, అప్పటి సంది ఊరంత తిరిగి చెప్తున్నడు, అడగండి అన్నాడు.

అది నిజము. నేనే చెప్పినాను. వినినవారికి, విననివారికి చెప్పినాను.

గిర్దావరు నా వైపు తిరిగి, ఏమయ్యా, ఈ రాయి ఎక్కడిది అని అడిగినాడు. సాలమ్మ నన్ను చూడలేదు. తన కాలి గోరు చూచుకొన్నది. చేనిలో మోకాలెత్తు జొన్న మోళ్ళు ఉన్నవి. ఇన్నేండ్లకు ఆమె తన కొరకు కోసికొన్న మొదటి పంట.

బయ్యారం రాయి, సర్వే కాలములో బండ్ల మీద తెచ్చి పాతినారు, ఆ పార్టీలో నేను గొలుసు పట్టినాను అన్నాను.

మరి ఊరంతా చెప్పినదేమిటి అని గుమాస్తా అన్నాడు. పొరబడినాను అన్నాను. వెనుక నుండి ఎవరో నవ్వినారు. ఆ నవ్వు ఇంకను చెవిలో ఉన్నది.

గిర్దావరు లేచి వచ్చినాడు. మానుకోటలో నేను గూడ పని చేసినానయ్యా, బయ్యారం రాయి చేతికి ఎర్రగ అంటుతది అని అరచేతితో రాతిని రుద్దినాడు. చేయి చూచుకొన్నాడు. శుభ్రముగా ఉన్నది. నన్ను చూచినాడు.

అప్పుడు సాలమ్మ నోరు తెరిచినది. ఇరువై ఏండ్ల ఆనలకు రంగు నిలుస్తదా సారూ, నా చీరెకే నిలువలే అన్నది. గిర్దావరుకు నవ్వు వచ్చి, అది దగ్గుగా మారినది. దగ్గు తగ్గిన తరువాత, రాయి అబద్ధం చెప్తది, మనిషి గూడ చెప్తడు, కింద తవ్వుండ్రి అన్నాడు.

అతనికి పద్ధతి తెలియును. ఆ రాయిని జూన్‌లో పాతినారు. దాని క్రింద ఏమి ఉండును?

దస్రు గడ్డపారతో త్రవ్వినాడు. రాయి ప్రక్కకు వాలినది. గుంటలో చేయి పెట్టి పిడికెడు తీసి చూపినాడు.

బొగ్గులు.

గిర్దావరు ఒక తునకను తన అరచేతిలో నలిపినాడు. ఈసారి చేయి నల్లబడినది. ఆ చేతితోనే కలము పట్టుకొని, పాత హద్దు ఉన్నది అని వ్రాసినాడు. గుమాస్తా ఏమో చెప్పబోయినాడు. గిర్దావరు గొడుగు మూయించినాడు.

గుంట పూడ్చునప్పుడు నేనును ఒక చేయి వేసినాను. జేబులోని పెచ్చు బొగ్గులతో పాటు అందులోనికి పోయినది. జారలేదు. నేనే వేసినాను.

1949 జనవరి 31

నిద్ర లేదు. మూడు విధములుగా ఆలోచించవచ్చును.

బొగ్గులు పాతవే కావచ్చును. అనగా సాలమ్మ జ్ఞాపకము సరి, నా తాడు తప్పు. వాన పడిన రోజులు కాకున్నను మోకు సాగి ఉండవచ్చును.

సాలమ్మ వేసినది కావచ్చును. మార్చిలో నేను త్రవ్వించినప్పుడు బొగ్గుల సంగతి ఆమె వినినది. అడిగినాను. మా మామ పోసిన బొగ్గులు తమ్మీ, నీ కొలతే తప్పు, ఒప్పుకో అన్నది. కన్ను కదలలేదు.

మూడవది, ఈ ఇంటిలోని పొయ్యి. యాకమ్మను అడిగినాను. నువ్వు చుక్కల సంగతి చూసుకో, పొయ్యి సంగతి నన్ను చూసుకోనియ్యి అన్నది. మరల అడుగుటకు ధైర్యము చాలలేదు.

బొగ్గును చూచి దాని వయసు చెప్పుట ఎవరికీ సాధ్యము కాదు. నిన్నటిదైనను, ఇరువది ఏండ్లదైనను ఒకటే నలుపు. ఆ రాయి సంగతియు అంతే. రెండు రోజులుగా నాకొక విచిత్రమైన సందేహము పట్టుకొన్నది. అందరి ముందు బయ్యారం రాయి అని చెప్పినాను గదా. ఒకవేళ అది నిజముగా బయ్యారం రాయియే అయినచో? దస్రు చూచిన నిప్పు వేరు, గుంటలోని రాయి వేరు అయినచో? అప్పుడు నేను అబద్ధము చెప్పినట్లా, తెలియక నిజము చెప్పినట్లా? పెచ్చు ఉన్నచో చూచుకొందును.

రిపోర్టులో ఖాళీ గడిని అట్లే ఉంచి పెట్టెలో పెట్టినాను.

1949 ఫిబ్రవరి 8

వెంకన్న దొరికినాడని కొందరు, దొరకలేదని కొందరు.

1949 మార్చి 18, సాయంత్రం

శని తూర్పున ఉన్నాడు. కంటితో చూచినాను. చెవులు లేవు, వలయము లేదు, చుక్క మాత్రమే.

చెల్కలో ఎవరూ లేరనుకొని చెప్పులు విడిచి, ఆ రాతి మీద ఒక కాలు పెట్టినాను. తరువాత రెండవది. అది నన్ను మోసినది. అంగారకునికి తీసికొనిపోవలసిన వస్తువులలో ఒక్కటియు నా దగ్గర లేదు.

దిగు తమ్మీ, గది నా హద్దు అని వెనుక నుండి సాలమ్మ అన్నది.

దిగినాను.